తిలాపాపంలో ఎవరి పిడికెడు ఎంత?

టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ పట్టుమని వెయ్యిమంది కూడా లేని ఊరు. 2017 నవంబరు 5 ఆదివారం, అక్కడి బాప్టిస్టు చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఒకడు రైఫిల్‌తో వచ్చి 26 మందిని చంపాడు. ఆ లెక్కలో తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ఉంది. దాదాపు నాలుగేళ్ళకు, 2021 జులైలో, ఒక ఫెడరల్ జడ్జి ఆ మారణకాండలో అమెరికా ప్రభుత్వం బాధ్యత 60 శాతం అని తేల్చాడు. అంటే కాల్చినవాడి కంటే ప్రభుత్వానిదే పెద్ద వాటా.

ఇదేం లెక్క అనిపించడం సహజం. దాని వెనక ఉన్నది ఒక గుమాస్తా స్థాయి పొరపాటు. హంతకుడు అంతకుముందు ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశాడు. భార్యను, ఆమె చిన్న కొడుకును కొట్టిన కేసులో 2012లో కోర్టు మార్షల్ జరిగింది, ఏడాది జైల్లో ఉన్నాడు, ఉద్యోగం పోయింది. అలాంటి శిక్ష పడినవాడు తుపాకీ కొనడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. అయితే దుకాణంలో కంప్యూటర్ కొట్టి చూస్తే పేరు దొరకాలి కదా. అతని వేలిముద్రలు, శిక్ష వివరాలు ఎయిర్ ఫోర్స్ ఎఫ్‌బీఐకి పంపాలి. పంపలేదు. ఒక్కసారి మర్చిపోవడం కూడా కాదు, కేసు నడిచినంత కాలం పంపాల్సిన సందర్భాలు వచ్చాయి, పోయాయి. దాంతో అతను ఒకటి కాదు నాలుగు తుపాకులు దర్జాగా కొనుక్కున్నాడు. ప్రతిసారీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసయ్యాడు.

విచారణలో ప్రభుత్వ లాయర్లు ఒక మాట అన్నారు: చెక్‌లో దొరికిపోయినా అతను ఎలాగోలా తుపాకీ సంపాదించేవాడే. తుపాకీ హక్కుల సంఘాలు దశాబ్దాలుగా చెప్పే వాదన ఇదే. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు ఇంకా విస్తరించాలని బయట ప్రసంగాలు చేస్తున్న ప్రభుత్వమే, తన జేబుకు చిల్లు పడే సరికి చెక్‌లతో ఒరిగేదేమీ లేదని కోర్టులో వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరిలో 23 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించాడు. అప్పీలు నడుస్తుండగా 2023లో అది 14.45 కోట్ల డాలర్లకు సెటిలైంది.

మరి తుపాకీ అమ్మిన దుకాణం సంగతి? బాధిత కుటుంబాలు దానిమీదా కేసు వేశాయి. కొనేటప్పుడు హంతకుడు చూపించింది కొలరాడో డ్రైవింగ్ లైసెన్సు. ఆ రైఫిల్ ప్యాకెట్లో 30 తూటాల మ్యాగజైన్ ఉంది. కొలరాడోలో 15 తూటాలు దాటితే నిషేధం. వేరే రాష్ట్రంవాడికి తుపాకీ అమ్మితే రెండు రాష్ట్రాల చట్టాలకూ లోబడి అమ్మాలి కాబట్టి, ఈ అమ్మకం చెల్లదన్నది వాళ్ళ వాదన. 2021 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ షరతు తుపాకీకి వర్తిస్తుంది, మ్యాగజైన్ తుపాకీ కాదు, కాబట్టి దుకాణానికి 2005 నాటి ఫెడరల్ రక్షణ చట్టం అండగా ఉంటుంది అంది. ఒకే ఘోరం, ఒకే రైఫిల్. నెల తిరక్కుండా వచ్చిన రెండు తీర్పుల్లో అమ్మినవాడి వాటా సున్నా, కాగితం పంపనివాడి వాటా అరవై.

అమెరికాలో ప్రతి సామూహిక కాల్పుల తర్వాత జరిగే చర్చను ఈ కేసు వెలుగులో చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. టీవీల్లో, చట్టసభల్లో గొడవంతా ‘తప్పు మనిషిదా, తుపాకీదా’ అని నడుస్తుంది. కోర్టుల్లో మాత్రం నింద వేరే దారిలో పోతుంది. కారణం ఎక్కడ పెద్దదో అక్కడికి కాక, చట్టం ఎక్కడ సందు వదిలిందో అక్కడికి చేరుతుంది. తుపాకీని నిషేధించే దారిని రాజ్యాంగం మూసింది. తయారీదారుని నిలదీసే దారిని అమెరికా చట్టసభ కాంగ్రెస్ మూసింది. మిగిలిన సందుల్లో దొరికేవాళ్ళు తల్లిదండ్రులు, హోటల్ యజమానులు, ఫైలు పంపని అధికారులు.

మనవాళ్ళకు ముందు అర్థం కానిది రాజ్యాంగం సంగతి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ లైసెన్సు అనేది ప్రభుత్వం దయతలిస్తే దక్కేది. ఎందుకు కావాలో కొనేవాడే చెప్పుకోవాలి. అమెరికాలో అది తిరగబడి ఉంటుంది. 1791లో చేర్చిన రెండో సవరణలో పౌర సైన్యం గురించిన ముక్క ఒకటుంది, ఆయుధాలు ధరించే ప్రజల హక్కు గురించిన ముక్క ఒకటుంది. వీటిలో ఏది అసలు, ఏది కొసరు అని రెండు శతాబ్దాలు కొట్టుకున్నాక, 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఇది సైన్యంతో సంబంధం లేని వ్యక్తిగత హక్కేనని 5-4తో తేల్చింది. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో ఇంకో మెట్టెక్కింది: ఏ తుపాకీ నియంత్రణ చట్టమైనా ఆ దేశపు చారిత్రక సంప్రదాయంలో ఇమడాలి. ప్రజల ప్రాణాలకు ఎంత మేలు జరుగుతుందన్న లెక్క కోర్టులో చెల్లదు. నాలుగు తూటాలు పేలడానికే నానా తంటాలు పడే తుపాకుల కాలంలో పోలిక వెతకమనడం విడ్డూరమే. ఆ విడ్డూరం కోర్టుకూ తెలిసొచ్చినట్టుంది. గృహహింస కేసులో కోర్టు ఆంక్ష ఉన్నవాడి తుపాకీ లాక్కోవడానికి పద్దెనిమిదో శతాబ్దంలో పోలిక లేదని కింది కోర్టు అంటే, 2024లో రహీమీ కేసులో 8-1తో దాన్ని సరిచేసుకుంది.

రెండో దారి మూసిన కథలో ఒక మలుపు వాషింగ్టన్ పరిసరాల్లో 2002లో జరిగిన స్నైపర్ హత్యలు. అందులో వాడిన రైఫిల్ టకోమాలోని ఒక దుకాణం నుంచి మాయమైనది. లెక్క చూస్తే ఆ దుకాణంలో 200కు పైగా తుపాకులకు జవాబు లేదు. కుటుంబాలు దావా వేశాయి. 2004లో దుకాణం, తయారీదారు కలిసి 25 లక్షల డాలర్లు కట్టారు. సిగరెట్ కంపెనీలకు పట్టిన గతే తమకూ పడుతుందని తుపాకీ పరిశ్రమ వణికింది. మరుసటి ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బుష్ సంతకంతో రక్షణ చట్టం వచ్చేసింది. తుపాకీ సరిగ్గా పనిచేసి, దాన్ని మూడోవాడు నేరానికి వాడితే తయారీదారు మీద, అమ్మకందారు మీద సివిల్ దావా నిలవదు. కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

ఇలాంటి రక్షణ ఎలా పనిచేస్తుందో లాస్ వేగాస్ చూపించింది. 2017 అక్టోబరు 1 రాత్రి ఒకడు హోటల్ 32వ అంతస్తు గదిలోంచి కింద సంగీత కచేరీ వింటున్న జనం మీద పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిపించాడు. ఆ రాత్రి 58 మంది పోయారు, గాయాలతో తర్వాత పోయినవాళ్ళతో కలిపి 60. హోటల్ యజమాని ఎంజీఎం రిసార్ట్స్ తప్పు ఒప్పుకోకుండానే 80 కోట్ల డాలర్ల దాకా సెటిల్‌మెంట్‌కు దిగింది, అందులో సింహభాగం బీమా కంపెనీలది. ఆ తుపాకులు తయారుచేసిన కంపెనీల మీద కేసు రాష్ట్ర చట్టం కింద నిలవదని నెవాడా సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. గది అద్దెకిచ్చినవాడు కట్టాడు, ఆయుధం అమ్మినవాడు కట్టలేదు. మామూలు రైఫిల్‌ను మెషీన్ గన్ వేగంతో పేల్చే బంప్ స్టాక్ అనే అమరికను ట్రంప్ ప్రభుత్వం నిషేధించింది. ట్రంపే నియమించిన జడ్జీలున్న సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఆ నిషేధాన్ని 6-3తో రద్దు చేసింది.

కనెటికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ స్కూలు బాధిత కుటుంబాలు మాత్రం గోడకు పగులు కనిపెట్టాయి. 2012 డిసెంబరు 14న ఆ స్కూల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. తుపాకీ అమ్మడం తప్పని వాదిస్తే కేసు నిలవదు కాబట్టి, అమ్మిన తీరు తప్పని వాదించారు. ఈ రైఫిల్ కొంటే మగాడిగా గుర్తింపు కార్డు తిరిగి చేతికొచ్చినట్టే అన్న అర్థంలో కంపెనీ ప్రకటనలు వేసింది. వ్యాపార ప్రకటనల మీద కనెటికట్ రాష్ట్ర చట్టం కింద ఇది తప్పు కావచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2019లో 4-3తో అంగీకరించింది. 2022లో, అప్పటికే దివాలా తీసిన ఆ రైఫిల్ కంపెనీ రెమింగ్టన్ తరఫున బీమా కంపెనీలు తొమ్మిది కుటుంబాలకు 7.3 కోట్ల డాలర్లు కట్టాయి. తుపాకీ కంపెనీల మీద మెక్సికో దేశం వేసిన దావా మాత్రం 2025 జూన్‌లో సుప్రీంకోర్టులో ఏకగ్రీవంగా వీగిపోయింది. ఉదారవాదులనే పేరున్న జడ్జీలూ అందులో ఉన్నారు, తీర్పు రాసింది వాళ్ళలో ఒకరైన జస్టిస్ కేగన్.

పెద్దవాళ్ళు ఇలా తప్పుకుంటుంటే నింద ఇంటి గుమ్మం దాకా వచ్చింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ కథ వివరంగా చూడాల్సినది. 2021 నవంబరు 26న ఒక తండ్రి పదిహేనేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళి పిస్టల్ కొన్నాడు. మర్నాడు తల్లి వాణ్ణి ప్రాక్టీసుకు తీసుకెళ్ళింది. తర్వాత క్లాసులో వాడు ఫోన్‌లో తూటాల గురించి వెతకడం టీచరు చూసి ఇంటికి కబురు చేస్తే, తల్లి కొడుక్కి పంపిన మెసేజ్ సారాంశం: నాకేం కోపం లేదు, దొరక్కుండా ఉండటం నేర్చుకోవాలి. నవంబరు 30 ఉదయం లెక్కల పేపరు మీద వాడు తుపాకీ బొమ్మ, తూటా బొమ్మ గీసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి అని రాశాడు. స్కూలువాళ్ళు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్ళు వచ్చారు, మాట్లాడారు, కొడుకును స్కూల్లోనే వదిలి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. పిస్టల్ కొన్నామన్న ముక్క ఎవరూ ఎత్తలేదు. బ్యాగ్ తెరిచి చూడాలని స్కూలువాళ్ళకూ తోచలేదు. పిస్టల్ ఆ బ్యాగ్‌లోనే ఉంది. కాసేపటికి నలుగురు విద్యార్థులు చనిపోయారు.

2024లో జ్యూరీలు తల్లినీ, తండ్రినీ విడివిడిగా విచారించి, ఉద్దేశపూర్వకం కాని నరహత్య నేరం కింద దోషులన్నాయి. ఇద్దరికీ పదినుంచి పదిహేనేళ్ళ జైలు. స్కూల్లో సామూహిక కాల్పులకు కన్నవాళ్ళను ఇలా శిక్షించడం అమెరికాలో అదే మొదలు. ఆ గదిలో కూర్చున్న స్కూలు సిబ్బంది మీద దావా వేస్తే, ప్రభుత్వ ఉద్యోగులకున్న రక్షణ వర్తిస్తుందని రాష్ట్ర కోర్టులు చెప్పాయి. ఒకే గది, ఒకే కాగితం చూసినవాళ్ళు, రెండు దారులు.

రాష్ట్రం దాటితే కథ మారుతుంది. 2018 మేలో టెక్సస్‌లోని శాంటా ఫే హైస్కూల్లో ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పదిమందిని చంపాడు. వాడిన తుపాకులు ఇంట్లో తండ్రివి. పిల్లలకు తుపాకీ అందేలా వదిలేస్తే నేరమనే చట్టం టెక్సస్‌లో ఉంది, కానీ అది పదిహేడేళ్ళు నిండనివారికే. సివిల్ దావాలో 2024 ఆగస్టులో జ్యూరీ తల్లిదండ్రులది నిర్లక్ష్యం కాదంది. జార్జియాలో మాత్రం అదే ఏడాది సెప్టెంబరులో అపలాచీ హైస్కూల్లో నలుగురిని చంపిన పద్నాలుగేళ్ళ కుర్రాడి తండ్రి మీద ఏకంగా సెకండ్ డిగ్రీ హత్య అభియోగాలు మోపారు. కొడుకు ఆన్‌లైన్ బెదిరింపుల గురించి పోలీసులు ఇంటికొచ్చి అడిగి వెళ్ళిన ఏడాదే, క్రిస్మస్ కానుకగా రైఫిల్ ఇచ్చాడన్నది ప్రాసిక్యూషన్ మాట.

తల్లిదండ్రులను బోనెక్కించడం తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. స్కూళ్ళలో కాల్పులు జరిపే మైనర్లకు తుపాకీ ఎక్కువగా ఇంటినుంచో బంధువుల దగ్గర్నుంచో వస్తుంది, కాబట్టి ఇంట్లో తాళం పడితే కొన్ని ప్రాణాలు మిగులుతాయి. కాకపోతే ఈ పద్ధతిలో రాజకీయ నాయకులకు ఎంత సౌకర్యం ఉందో కూడా గమనించాలి. తల్లిదండ్రుల మీద కేసు పెడితే ఏ సంఘానికీ కోపం రాదు, ఏ ఓటూ పోదు, రాజ్యాంగం జోలికి పోనక్కర్లేదు. తుపాకీ హక్కుల పక్షం ‘బాధ్యతలేని యజమాని’ అని వేలు చూపి ఊపిరి పీల్చుకుంటుంది, నియంత్రణ పక్షం ఏదో ఒకటి సాధించామనుకుంటుంది.

ఇక చర్చ సంగతి. డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు. 2023 మే 6 శనివారం అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిదిమందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వెళ్ళి అక్కడ ఇంజినీరుగా పనిచేస్తున్న యువతి ఒకరు. ప్లానో, ఫ్రిస్కో, మెకిన్నీల్లోని మనవాళ్ళు వారాంతాల్లో షాపింగ్‌కు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిప్పడానికి వెళ్ళే చోటు అది. మర్నాడే గవర్నర్ ఆబట్ టీవీలో మూలకారణం మానసిక ఆరోగ్య సమస్య అన్నారు. అవతలి పక్షం, 2021లో లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట తిప్పుకునే చట్టం తెచ్చింది ఎవరని అడిగింది. హంతకుడు నాజీ గుర్తులు వేసుకున్నవాడు. మానసిక కారణాలతో 2008లో సైన్యం శిక్షణలోనే ఇంటికి పంపేసింది. తుపాకులు మాత్రం చట్టబద్ధంగా కొన్నాడు. అంటే ఎవరికి కావలసిన ముక్క వాళ్ళకు దొరికింది.

ఆ సోమవారం, మే 8న, టెక్సస్ అసెంబ్లీ కమిటీ ఒకటి అనుకోనిది చేసింది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లును 8-5తో ముందుకు పంపింది, ఇద్దరు రిపబ్లికన్లు కూడా చేయెత్తారు. అయితే ఆ బిల్లు పుట్టింది అలెన్ కోసం కాదు. ఏడాది ముందు టెక్సస్‌లోనే యువాల్డే ఊరి స్కూల్లో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు పద్దెనిమిది నిండిన రోజుల్లోనే రైఫిళ్ళు కొన్నాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు నెలల తరబడి సభ చుట్టూ తిరిగి అడిగిన బిల్లు అది. అలెన్‌లో కాల్చినవాడికి 33 ఏళ్ళు. ‘ఈ చట్టం ఉన్నా నిన్నటిది ఆగేది కాదు’ అనడం వ్యతిరేకులకు ఎంత సులువో చూడండి. నిజమే, ఆగేది కాదు. ఏ ఒక్క చట్టమూ అన్ని ఘోరాలనూ ఆపదు, అందుకే ప్రతి చట్టాన్నీ దానికి సంబంధం లేని ఘోరంతో కొట్టేయొచ్చు. గడువు తేదీలోపు బిల్లు సభ ముందుకే రాలేదు.

తుపాకీ ఉన్న చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకీ ఉన్న మంచివాడే అని శాండీ హుక్ జరిగిన వారానికి తుపాకీ హక్కుల సంఘం ఎన్ఆర్ఏ అప్పటి నాయకుడు లాపియర్ అన్న మాట ఇప్పటికీ ఆ పక్షానికి తారకమంత్రం. దానికి సాక్ష్యం లేకపోలేదు. సదర్లాండ్ స్ప్రింగ్స్‌లోనే చర్చి పక్కింటాయన తన రైఫిల్‌తో పరుగెత్తుకొచ్చి హంతకుడి మీద కాల్పులు జరిపి తరిమాడు. అయితే ఆయన వచ్చేసరికే లోపల చాలామంది ప్రాణాలు పోయాయి. యువాల్డేకు 376 మంది పోలీసులు వచ్చారు, తలుపు తీసి లోపలికి వెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. ముందు పోలీసుల ధైర్యాన్ని పొగిడిన గవర్నర్, మూడోరోజు తనను తప్పుదోవ పట్టించారన్నాడు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోతుంటే లోపలికి వెళ్ళని డిప్యూటీని, అంటే అక్కడి పోలీసు అధికారిని, ప్రాసిక్యూట్ చేశారు, 2023లో జ్యూరీ నిర్దోషి అంది.

మానసిక రోగం వాదనకు జవాబు చిన్నది: మతి చెడినవాళ్ళు, ఒంటరివాళ్ళు, కక్ష పెంచుకున్నవాళ్ళు లేని దేశం లేదు. పౌరుల చేతుల్లో జనాభా కంటే ఎక్కువ తుపాకులున్న దేశం మాత్రం అదొక్కటే. 2017 నాటి స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం వందమందికి 120. అయితే నియంత్రణ పక్షం కూడా ఒకటి దాటేస్తుంది. 2021లో తుపాకీతో పోయిన 48,830 మందిలో సగం పైచిలుకు, 26,328 మంది, ఆత్మహత్యలు. రైఫిల్ నిషేధం మీద ఇంత పోరాటం చేస్తే ఆ సంఖ్యలో వచ్చే తేడా బహుశా స్వల్పం. టీవీ కెమెరాలు రాని చోట ఎవరి వాటా ఎంతని అడిగేవాడే లేడు.

ఇంతటి టెన్షన్‌లోనూ పని జరగనే జరగదనడం తప్పు. పార్క్‌లాండ్ జరిగిన నెల లోపే, తుపాకీ హక్కుల పక్షాన ఉన్న ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ కొనుగోలు వయసు 21కి పెంచి, ప్రమాదకరమైనవాడి తుపాకీని కోర్టు ఆదేశంతో తాత్కాలికంగా తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం తెచ్చాడు. యువాల్డే తర్వాత 15 మంది రిపబ్లికన్ సెనేటర్లు కలిసి రాగా తుపాకీ నియంత్రణ మీద ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది. బైడెన్ సంతకం చేసింది 2022 జూన్ 25న, బ్రూయెన్ తీర్పు వచ్చిన రెండు రోజులకు.

ఈ వాదనలో మనవాళ్ళ స్థానం విచిత్రం. హెచ్1బీ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళకు ఓటు లేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీ ఉంచుకునే హక్కూ ఫెడరల్ చట్టం ఇవ్వదు. పిల్లలు చదివే స్కూలు, ఉండే రాష్ట్రం మాత్రం చట్టం ఎటు నడిస్తే అటు నడవాల్సిందే.

ఆ నడక ఇప్పుడు రాష్ట్రానికో తీరు. 2021లో న్యూయార్క్ తుపాకీ కంపెనీల మీద దావాకు కొత్త దారి తెరిచింది. నాష్‌విల్‌లో 2023 మార్చిలో స్కూల్లో ఆరుగురు చనిపోయాక, టెనెసీ చట్టసభ రెండు నెలల్లోపే కంపెనీలకు ఉన్న రక్షణను ఇంకా గట్టి చేసింది. తుపాకీని తాత్కాలికంగా తీసుకునే చట్టం కావాలని స్వయంగా రిపబ్లికన్ గవర్నరే అడిగి ప్రత్యేక సమావేశం పెట్టినా, అది లేకుండానే ముగిసింది. టెక్సస్ 2025లో రెడ్ ఫ్లాగ్ ఆదేశాలకు వ్యతిరేకంగానే చట్టం చేసింది. వేరే రాష్ట్రపు కోర్టు ఇచ్చిన అలాంటి ఆదేశాన్ని టెక్సస్‌లో అమలు చేయబోతే, ఆ అధికారి జైలుకెళ్ళాల్సి రావచ్చు.